ఒకే డబ్బాలో పోసిన గోలీలు

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు మూడో పీరియడ్‌లో తెలిసింది. కోదాడలో మా బడి, తొమ్మిదో తరగతి. బోర్డు మీద ఆకు బొమ్మ సగం గీసి ఉన్నాను. ఫోను రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి మోగేసరికి వరండాలోకి వచ్చి ఎత్తాను. అనంతగిరి నుంచి మా చిన్నమ్మ. ఫోనులో మాట్లాడితే పక్క వీధికి వినపడేలా అరిచే మనిషి. ఆ రోజు గొంతే లేవలేదు.

"బిడ్డా, మన సిస్టరమ్మ లేదంట. రాత్రి పండుకున్న మనిషి పొద్దున లేవనే లేదంట. గుండె ఆగిందంట. సూర్యాపేట ఆఫీసోళ్లు చెప్పిన్రు."

సరే చిన్నమ్మా అని పెట్టేశాను. లోపలికి వెళ్లి ఆకు బొమ్మ పూర్తి చేశాను. ఈనెలు కూడా గీశాను. పిల్లలు నోట్సులో దించుకుంటుంటే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఆమెకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. ఏడాదికి పైగా రేపు చెబుదాం, వచ్చే నెల చెబుదాం అని దాటేస్తూ వచ్చిన మాట. ఇక ఆ పని తప్పిపోయింది. నా మొండితనం నెగ్గింది.

మీలో చాలామందికి ఆమె ఎవరో తెలియదు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాక, సర్కారు డబ్బుతోనే మా ప్రాంతంలో మొదలైన ఒక మందు పరీక్షలో చేరింది. బీపీ ఉన్నవాళ్లు మామూలుగా వేసుకునే మందులు ఎలాగూ వేసుకుంటారు. వాటితో పాటు ఒక పాత, చవక గోలీని కూడా రోజూ మింగితే పక్షవాతం రాకుండా ఉంటుందా, ఉండదా అని చూడడం ఆ పరీక్ష. ఆఫీసు సూర్యాపేటలో. రెండు గదులు, ఒక డాక్టరు గారు. ఊళ్లు తిరిగేది మాత్రం ఈమే. ఇల్లేమో మిర్యాలగూడలో. పొద్దున్నే బస్సెక్కి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చి, అక్కడి నుంచి దొరికిన ఆటోలో ఇరుక్కుని ఊరూరూ తిరిగేది. ఒక భుజానికి బీపీ మిషను సంచి, ఇంకో భుజానికి కాగితాల సంచి. కాగితాల సంచే బరువుగా ఉండేది.

మా అమ్మ, చిన్నమ్మ తోడికోడళ్లు. మా నాన్న, బాబాయి ఇద్దరూ పోయాక ఒకే వాకిట్లో రెండు గదులు, ఒకటే పొయ్యి. ఇద్దరికీ బీపీ. ఇద్దరూ నాట్ల కాలంలో అప్పటికీ మడిలో దిగే రకమే, ఇంట్లో కూర్చోమంటే రోగమొస్తుందనేవాళ్లు. సిస్టరమ్మ మొదటిసారి మా వాకిట్లో అడుగుపెట్టింది ఒక రెండో శనివారం. నేనూ అక్కడే ఉన్నాను. చిన్నమ్మ చాయ్ పెట్టబోతే వద్దంది.

"బీపీ సూసినంక తాగుదం. ముందు ఐదు నిమిషాలు ఎవలు మాట్లాడొద్దు. ఊకె కూసోవాలె. లేకుంటే మిషన్ మోసం జేస్తది."

మా చిన్నమ్మను ఐదు నిమిషాలు మాట్లాడొద్దనడం ఏమిటో మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఒక నిమిషం ఓర్చుకుంది. తర్వాత కోడి వైపు చూసి సైగలు మొదలుపెట్టింది. సిస్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. గడియారం చూసి, "మళ్ల మొదటి నుంచి," అంది. అలా మూడుసార్లు అయింది. మూడోసారి ఆమె కూడా చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మాతో పాటే కూర్చుంది. ఆ వాకిట్లో అంతసేపు అంత నిశ్శబ్దం నేను పుట్టాక వినలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అదే పద్ధతి. ఎండలో పడి వచ్చినా, బస్సు టైమైపోతున్నా ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే.

కాగితం మీద సంతకాలు పెట్టించుకునే తీరు కూడా నేనెక్కడా చూడలేదు. మామూలుగా సర్కారు కాగితమంటే ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు అంటారు, అంతే. ఈమె మొత్తం చదివింది. చదివి, ఉత్త గోలీ అంటే ఏమిటో చెప్పింది. కొందరికి మందున్న గోలీ వస్తుంది, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త గోలీ వస్తుంది, అందులో మందుండదు. ఎవరి సీసాలో ఏముందో సీసా మీది నంబరుకే తెలుసు. చిన్నమ్మ మొహం అదోలా పెట్టింది.

"ఉత్తది ఇచ్చుడెందుకు? ఇచ్చేదేదో అసలుదే అందరికియ్యరాదు?"

"నువ్వు నాట్లేస్తవు కద," అంది సిస్టరమ్మ. "పక్కపక్కన రెండు మళ్లు ఉన్నయనుకో. రెండిట్ల కొత్త మందు సల్లినవు. పంట మంచిగొచ్చింది. మందుతోని వచ్చిందా, వానతోని వచ్చిందా? ఎట్ల తెలుస్తది? ఒక మడి సల్లకుంట వదిలితెనే కద తెలిసేది."

"మరి మందు సల్లని మడి నేనైతే?"

"అయితే కావచ్చు. గందుకే ముందుగాల్నె సెప్తున్న."

అంత చెప్పాక అమ్మ పెన్ను తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. నేను సెప్పింది నువ్వు నాకు సెప్పు." మా అమ్మ ఐదో తరగతి చదివింది. పాఠం అప్పజెప్పినట్టు నిటారుగా కూర్చుని చెప్పింది. "నాకు అసలు గోలీ రావచ్చు, ఉత్త గోలీ రావచ్చు. ఏది వచ్చిందో నీక్కూడా తెల్వదు. నా పాత బీపీ గోలీలు మానొద్దు. నాకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వద్దనొచ్చు. నువ్వు కోపం చెయ్యవు." సిస్టరమ్మ అప్పుడు పెన్ను ఇచ్చింది. నేను సైన్స్ టీచర్ని. పిల్లలకు రెండు కుండీల్లో చిక్కుడు గింజలు పెట్టి ఒకటి వెలుతురులో, ఒకటి చీకట్లో ఉంచి చూపించేదాన్ని. నా పాఠం కంటే ఆమె రెండు మళ్ల పాఠమే బాగుందని ఆ రోజే ఒప్పుకున్నాను. తర్వాత అదే పాఠం నేను మరిచిపోయాను, అది వేరే సంగతి.

చాయ్ తాగుతూ నేనే అడిగాను. ఇంత పెద్ద పని సర్కారెందుకు చేయాలి, మందుల కంపెనీలున్నాయి కదా అని. ఆమె సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ చెప్పింది.

"ఇది పాత గోలి టీచరమ్మా. ఎవలైన తయారు జేయొచ్చు. ఇది పనిజేస్తదని తేలితే లాభం ఎవలికి? ఏ కంపెనీకీ రాదు. రోగికొక్కనికే లాభం. రోగికి లాభమొచ్చే పని ఎవలు జేస్తరు? సర్కారే జెయ్యాలె." కాసేపాగి, "సర్కారు పైస అంటే ఎవలిదో కాదు. మీ అమ్మ కొన్న సబ్బుబిళ్ల మీద పడ్డ పన్ను కూడ గండ్లనే ఉంటది. గందుకే జర భయంగ జేయాలె," అంది.

ఆ భయంగ అన్న మాట ఆమె నోట తరచూ వినేదాన్ని. భయం అంటే పై అధికారి భయం కాదు. డాక్టరు గారితోనే గట్టిగా వాదించేదట. వయసులో చిన్నవాడు, ఆమె మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. ఎండాకాలంలో ఒకసారి ఆత్మకూర్‌లో, అది ఆమె పుట్టిన ఊరు, ఒక పెద్దాయన బీపీ చూడకుండానే వెళ్లిపొమ్మన్నాడట, పోయినసారిదే మళ్లీ రాసుకోమని. ఈమె వాకిట్లోనే గొడుగేసుకుని కూర్చుందట, ఆయన పొలం వెళ్లి తిరిగొచ్చేదాకా. ఇది ఆమె చెప్పలేదు. ఆ ఊరి టీచరొకాయన నవ్వుతూ చెప్పాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, రాయకపోతే ఈ కాగితం ఎందుకు.

మూడు నెలలకోసారి వచ్చి కొత్త సీసాలు ఇచ్చి, పాత సీసాల్లో మిగిలిన గోలీలు లెక్కపెట్టుకునేది. మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడు, ఒక ఆదివారం వచ్చి, అమ్మ సీసా తెమ్మంటే అమ్మ ఖాళీ సీసా తెచ్చింది. చిన్నమ్మ సీసా కూడా ఖాళీయే. ఇంకా పది రోజుల గోలీలు ఉండాలి కదా అంటే అమ్మ లోపలికి వెళ్లి స్టీలు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఇదివరకు అందులో లవంగాలు, యాలకులు ఉండేవి. ఇద్దరి గోలీలూ అందులోనే కలిపి పోసి ఉన్నాయి.

సిస్టరమ్మ డబ్బా వైపు చూసి, అమ్మ వైపు చూసి, "ఎప్పటి సంది?" అంది.

"మొదటి సీసా అప్పటి నుంచే," అంది అమ్మ, దాచకుండా. "పొద్దున లేవంగనే డబ్బాలో చెయ్యి పెడతం. చేతికి ఏదొస్తే అది. ఆమె ఒకటి, నేనొకటి. మీరు లెక్క చూస్తారని వచ్చేముందు రోజు సగం సగం సీసాల్లో పోసేవాళ్లం. ఈసారి మరిచినం."

"ఎందుకమ్మా గట్ల జేసిన్రు?"

"నాకు ఉత్తది వస్తే నాకేం బాధ లేదు. నాకు అసలుది వచ్చి, దానికి ఉత్తది వస్తేనో? రేపు దానికేమన్నా అయితే నాకు ముద్ద ఎట్ల దిగుద్ది సిస్టరమ్మా? ఒకే పొయ్యి మీద వండుకొని తినేటోళ్లం. అందుకే కలిపినం. మంచైనా చెడైనా ఇద్దరికీ సగం."

చిన్నమ్మ తల వంచుకుని చీర అంచు నలుపుతోంది. సిస్టరమ్మ ముందు నవ్వింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. కళ్లు తుడుచుకుంది. సంచిలోంచి కాగితం తీసింది.

నాకు అర్థమైంది. ఆమెను పక్కకు పిలిచాను. ఇది రాస్తే గోలీలు ఆపేస్తారా అంటే, ఆపుతరు, ఏ రోజు ఎవరు ఏది మింగిన్రో తెల్వదు కద అంది. బతిమాలాను. సగం సగం సీసాల్లో పోసేద్దాం, ఇకనుంచి కలపకుండా నేను చూసుకుంటాను, ఈ ఒక్కసారికి వదిలేయండి, ఎవరికి తెలుస్తుంది అన్నాను.

"ఎవలికి తెల్వదు టీచరమ్మా. గందుకే సెప్పాలె. తెలిసేదైతే ఎవలైన సెప్తరు."

"మా అమ్మకు అందులో అసలు మందు అందుతుంటేనో?"

"అందుతుండొచ్చు," అంది. "అందుతలేకపోవచ్చు. నేను అబద్ధం రాస్తే ఇన్ని ఊర్లల్ల ఇంతమంది మింగిన గోలీలు పాడైతయి. అండ్ల మీ అమ్మలసొంటి అమ్మలు ఎంతమందో ఉన్నరు."

మా వాకిట్లోనే కూర్చుని రాసింది. రాసింది అమ్మకూ చిన్నమ్మకూ చదివి వినిపించింది. వాళ్లు తప్పు చేశారని ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఒకే పొయ్యి మీద తినే ఇద్దరికి రెండు వేరు వేరు సీసాలు ఇవ్వడం మన పొరపాటు అని ఉంది. ఆ తర్వాత సూర్యాపేటలో పద్ధతి మార్చారని విన్నాను. ఒక వాకిట్లో ఎంతమంది ఉన్నా అందరికీ ఒకే రకం. అసలైతే అందరికీ అసలు, ఉత్తదైతే అందరికీ ఉత్తది. మా అమ్మ చేసిన పని వల్ల పెద్ద చదువులవాళ్లు తమ పద్ధతి దిద్దుకున్నారు. అప్పుడు నాకది పట్టలేదు.

ఆ నెల నుంచి పరీక్ష గోలీలు ఆగాయి. సిస్టరమ్మ రావడం ఆగలేదు. పరీక్షలో పేరు ఉంటుందట, మంచీ చెడూ చూస్తూనే ఉండాలట. వచ్చేది, ఐదు నిమిషాలు కూర్చోబెట్టేది, బీపీ చూసేది, రాసుకునేది. నేను ముభావంగా ఉండేదాన్ని. ఆమె మాత్రం టీచరమ్మా అని ఎప్పటిలాగే పిలిచేది.

ఏడెనిమిది నెలలకు అమ్మకు పక్షవాతం వచ్చింది.

పొద్దున పూట, అన్నం వంచుతుంటే గంజి గిన్నె చేతిలోంచి జారింది. మూతి పక్కకు పోయింది. చిన్నమ్మ అరుపులకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ముందు కోదాడ, అక్కడి నుంచి సూర్యాపేట. నేను వెళ్లేసరికి సిస్టరమ్మ అప్పటికే అక్కడుంది. ఎవరు చెప్పారో తెలియదు. అమ్మ మంచం పక్కన నిలబడి ఆమె అరిపాదం మీద చెయ్యి వేసి ఉంది. నన్ను చూసి రెండడుగులు వేసింది. నేను ఆమెను వార్డు బయటికి తీసుకొచ్చి, అక్కడ నలుగురూ వింటుండగా అన్నాను.

"మీ కాగితం నిలబడింది సిస్టరమ్మా. మా అమ్మ పడిపోయింది."

ఇంకా అన్నాను. మీ సత్యం మీరే మెడలో వేసుకుని ఊరేగండి అన్నాను. మీకు లెక్కలు కావాలి, మనుషులక్కర్లేదు అన్నాను. నోటికి ఏదొస్తే అది. నోరు జారడం అంటారు గానీ నా నోరు జారలేదు. ఏరి ఏరి, గుచ్చుకునే మాటలే అన్నాను. ఆమె గోడకు ఆనుకుని అన్నీ వింది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక ఒకే మాట అంది.

"అడగాల్సిందే టీచరమ్మా. నన్ను నేను గూడ అదే అడుగుతున్న. నంబర్లు తెరిసేదాక ఎవలికి తెల్వది."

అమ్మ బతికింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి, మాట ముద్దగా వచ్చేది. ఇంటికి తెచ్చాక సిస్టరమ్మ పదిహేను రోజులకోసారి వచ్చేది. అది ఆమె ఉద్యోగంలో లేదు. ఎవరూ రమ్మనలేదు. జొన్నపిండి తడిపి ముద్ద చేసి అమ్మ కుడి చేతిలో పెట్టి, పిసుకు, ఇంకా పిసుకు అని పిల్లను ఆడించినట్టు ఆడించేది. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి నూనె రాసేది. ఆమె వస్తోందని తెలిస్తే నేను కోదాడలోనే ఉండిపోయేదాన్ని. ఎదురుపడితే లోపలి గదిలోకి వెళ్లేదాన్ని. అమ్మ మాట కాస్త తేరుకున్నాక మొట్టమొదట నన్నే తిట్టింది.

"గోలీలు కలిపింది నేను. ఆమెనంటవేందే? నీకు తిట్టాలనుంటే నన్ను తిట్టు."

నాకు తెలియక కాదు. తప్పు ఎవరి మీదైనా వేయకపోతే నిలబడలేని రోజులవి. అమ్మను అనలేను. చిన్నమ్మను అనలేను. దొరికింది ఆమె. ఏమన్నా పడుతుంది కాబట్టి అన్నాను. ఇంతకంటే మర్యాదగా చెప్పుకోవడానికి నా దగ్గర కారణం లేదు.

ఆ పరీక్ష చివరి ఏడాదిలో పైనుంచి రావాల్సిన డబ్బు ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో, ఏ బల్ల మీద ఏ ఫైలు పడుకుందో మాకెవరికీ తెలియదు. మందు పనిచేయదని కాదు, పని బాగాలేదని కాదు. ఊరికే ఆగింది. సూర్యాపేట ఆఫీసులో ఒక గదికి తాళం పడింది. జీతాలు లేవు. చేస్తున్నవాళ్లు ఒక్కొక్కరే వేరే పనులు చూసుకున్నారు. సిస్టరమ్మ మాత్రం ఆఖరి విడత బీపీలు చూడడానికి ఊళ్లు తిరుగుతూనే ఉంది. ఊరికే ఎందుకు తిరుగుతావు, వయసా పాడా అని చిన్నమ్మ అడిగితే, "ఆఖరి తడి పెట్టకుంట పంట ఎండబెడ్తమా? ఇంతమందిని ఇన్నేండ్లు గోలీలు మింగుమని సెప్పి, ఇప్పుడు పైసల్లేవని మొహం సాటేస్తమా?" అందట. చిన్నమ్మ నాతో చెప్పింది. నేను విననట్టే ఉన్నాను.

అందరి బీపీలూ రాసి, లెక్కలన్నీ మూసి, అప్పుడే నంబర్లు తెరుస్తారు. ఎవరి సీసాలో ఏముందో అప్పుడు తెలుస్తుంది. ఆమె తిరగడం పూర్తి చేసింది. లెక్కలు మూయడానికి మనుషులు కావాలి, మనుషులకు డబ్బు రావాలి. నంబర్లు అలాగే ఉండిపోయాయి.

ఆమెను ఆఖరుసారి చూసింది హుజూర్‌నగర్ బస్టాండులో. పోయిన వానాకాలం. నేను మా బడి పనిమీద వెళ్లి కోదాడ బస్సు కోసం నిలబడ్డాను. అవతలి వైపు బెంచీ మీద ఆమె. సన్నబడింది. సంచులు రెండూ ఒళ్లో పెట్టుకుని, బిస్కెట్ పాకెట్ విప్పి ఒక్కొక్కటి తింటోంది. నన్ను చూసింది. నేను గబుక్కున ఫోను తీసి అందులోకి చూడడం మొదలుపెట్టాను. తెర నల్లగా ఉంది, కనీసం వెలిగించనైనా లేదు. నా మొహమే కనిపిస్తోంది అందులో. ఆమె లేచి వచ్చింది.

"టీచరమ్మా, అమ్మ సెయ్యి ఎట్లుంది? ముద్ద కలుపుకుంటుందా?"

"ఊఁ."

"నంబర్లు తెరిస్తే మొదలు నీకే ఫోన్ జేస్త. మంచైన, చెడైన. నేనే జేస్త."

"సరే," అన్నాను. బస్సు వచ్చింది. ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది గానీ బయటికి చూడలేదు. ఆమెతో నేను మాట్లాడిన ఆఖరి మాట సరే. చెప్పాల్సినవన్నీ వదిలేసి ఆ ఒక్క ముక్క పారేసి వచ్చాను.

కబురు తెలిసిన రోజు బడి అయ్యాక మిర్యాలగూడ వెళ్లాను. అప్పటికే తీసుకెళ్లిపోయారు. ఆమె వాళ్లలో కాల్చరు, మట్టి చేయడమే ఆనవాయితీ. ఇంటి ముందు ఎక్కడెక్కడి ఊళ్ల ఆడవాళ్లో కూర్చుని ఉన్నారు. ఒకరికొకరు తెలియదు. ఒకామె ఇంకొకామెకు చెబుతోంది, నాకు ఉప్పు తగ్గించమని ఎంత పోరిందో అని. ఇంకొకామె, నాతో బీడీలు మానిపించింది అంది. డాక్టరు గారు అరుగు చివర ఒక్కడే నిలబడ్డాడు. నేను ఎవరో చెబితే తల ఊపాడు.

"మీ అమ్మగారి నంబరు ఆమెకు నోటికొచ్చు మేడం. నెలకోసారి వచ్చి అడిగేది, ఎప్పుడు తెరుస్తారని. తెరిస్తే ఆ ఒక్క నంబరు ముందు చూడమనేది. నిద్ర పడ్తలేదు బాబూ అనేది."

నేను అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాను.

ఆ తర్వాత రెండు నెలలకు డబ్బు వచ్చింది. ఎందుకు ఆగిందో చెప్పనట్టే, ఎందుకు వచ్చిందో కూడా ఎవరూ చెప్పలేదు. లెక్కలు మూశారు, నంబర్లు తెరిచారు. మొత్తం మీద ఆ మందు పనిచేసిందా లేదా అన్నది తేల్చి చెప్పడానికి ఇంకా సమయం పడుతుందట. ఎవరి సీసాలో ఏముందో మాత్రం అడిగినవాళ్లకు చెబుతున్నారు. నేను అడగలేదు. ధైర్యం చాలలేదు. డాక్టరు గారే ఫోన్ చేశాడు.

"మేడం, మీ ఇంటి రెండు సీసాలూ చూశాను. రెండూ ఉత్త గోలీలే."

అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. మొదటి రోజు నుంచీ అమ్మకూ ఉత్తదే, చిన్నమ్మకూ ఉత్తదే. ఆ స్టీలు డబ్బాలో ఒక్కటంటే ఒక్క మందు గోలీ కూడా లేదు. కలిపినా కలపకపోయినా, ఆపినా ఆపకపోయినా అమ్మకు జరిగేది జరిగేదే. సిస్టరమ్మ రాసిన కాగితం అమ్మ నుంచి ఏమీ తీసుకోలేదు. తీసుకోవడానికి అక్కడేమీ లేదు.

ఆ రెండు నెలలు ముందు డబ్బు వచ్చి ఉంటే ఆమె తనే ఫోన్ చేసి చెప్పేది. ఆ గొంతు ఎలా ఉండేదో ఊహించుకోవాలని చూస్తాను, ఊహకు రాదు. పరిశోధనలకు సర్కారు డబ్బు ఎందుకివ్వాలి, ఎంతివ్వాలి, ఎప్పుడివ్వాలి అని పెద్దవాళ్లు మాట్లాడుకోవడం పేపర్లో చదువుతుంటాను. నాకు ఆ మాటలు రావు. ఆలస్యమైతే ఏమవుతుందో మాత్రం ఒక్కటి తెలుసు. ఒక మంచి మనిషి తాను చేయని నేరాన్ని గుండెల మీద పెట్టుకుని పడుకుంది, లేవలేదు. ఆ నేరం మోపింది ఫైలు కాదు, నేను.

ఆ సాయంత్రమే అనంతగిరి వెళ్లి అమ్మకు, చిన్నమ్మకు చెప్పాను. చిన్నమ్మ ఏడ్చింది. అమ్మ ఎడమ చేత్తో కుడి చేతి వేళ్లు ఒత్తుకుంది. తర్వాత నెమ్మదిగా, ముద్ద మాటల్లో, "మరి ఆమెకెవరు చెప్తరు?" అంది.

ఎవరు చెబుతారు. జవాబు అమ్మ దగ్గరే ఉంది. మర్నాడు ఆదివారం. తెల్లారేసరికి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది, నన్ను మిర్యాలగూడ తీసుకపో అని. బస్సు మెట్లు ఎక్కలేవమ్మా అంటే వినలేదు. నేనూ చిన్నమ్మా చెరో రెక్క పట్టి ఎక్కించాం.

ఊరి బయట, బియ్యం మిల్లుల వెనక ఉంది ఆ స్థలం. మట్టి కుప్ప ఇంకా పూర్తిగా అణగలేదు. చిన్న పలక మీద పేరు రాసి గుచ్చారు. అమ్మను ఆ పక్కన కింద కూర్చోబెట్టాం. మట్టి మీద చెయ్యి ఆనించి, ముందుకు వంగి, మంచంలో పడుకున్న మనిషితో చెప్పినట్టు చెప్పింది.

"సిస్టరమ్మా, నంబర్లు తెరిచిన్రు. రెండూ ఉత్తవేనంట. నీ తప్పేం లేదు. నాదీ లేదు. ఇగ పడుకో."

చెప్పి ఆగింది. ఎదుటి మనిషి జవాబు చెప్పేంతసేపు ఆగింది. తర్వాత నా వైపు చూసింది. నేను కూర్చున్నాను. తప్పయింది సిస్టరమ్మా, అన్నాను. ఇంకా చాలా అనాలనుకుని వచ్చాను. అదే మాట మళ్లీ అన్నాను. చిన్నమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది.

మిల్లు గొట్టాల నుంచి ఊక బూడిద గాలికి వచ్చి పడుతోంది. నల్లగా, తేలిగ్గా, ఆ మట్టి మీద, ఆ పలక మీద. అమ్మ చెంగుతో పలక తుడిచింది. మళ్లీ పడింది. మళ్లీ తుడిచింది.